టిక్కు పెట్టని గడి

మార్చి 9

వదినా,

నమస్కారాలు. మీరూ అన్నయ్యగారూ పిల్లలూ బాగున్నారని అనుకుంటున్నాను. ఆఫీసు ఉత్తరాల సంచి ఇవాళ మధ్యాహ్నం మీ హెడ్డాఫీసుకి వెళ్తోందని తెలిసి, టీ విరామంలో చెకింగ్ బల్ల మీదే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కుట్టుమిషన్ల అదురు అనుకోండి, నా చదువుని తిట్టకండి. పంపకాల గుమాస్తా మన కవరు చూసి "మళ్ళీ ఆడపడుచుకేనా, మా ఆవిడ మా అక్కతో ఏడాదికో మాట కూడా మాట్లాడదు" అని కుళ్ళుకుంటాడు. ఫోన్ చేద్దామంటే మీ తమ్ముడు పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటారు కదా. మనకి ఈ సంచే నయం.

ఈ వారమంతా జేబులతో చచ్చాం. మూడు వందల చొక్కాలకి జేబు వేలెడు కిందకి కుట్టేశారు. ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ మిషన్ మీదకి పంపడం. సూపర్‌వైజరు, అదే మేం గడియారం అని పిలుచుకునే ఆయన, నా వెనకాల నించుని నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

ఒక చిన్న సంగతి అడగాలి. ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త బీమా పుస్తకాలు మొన్న పంచారు. పాత పుస్తకంలో పద్నాలుగో పేజీలో సంతాన చికిత్స ఖర్చు ఇస్తామని ఒక లైను ఉండేది. కొత్తదాంట్లో లేదు. అచ్చుతప్పా? మా సెక్షన్‌లో బటన్ల మిషన్ దగ్గర ఒకావిడ అడిగింది. పోయినేడంతా డాక్టరు మందులతో చూసిందట. ఇప్పుడు ఐవీఎఫ్ తప్పదంది, అదీ ఈ ఏడు దాటనివ్వద్దు, వయసు ఆగదు అందట. మీ టేబుల్ మీదనుంచి వెళ్ళిన పుస్తకమే కదా, మీకు తెలిసి ఉంటుందని అడుగుతున్నాను. తొందరేమీ లేదు. అయినా వచ్చే సంచిలో రాస్తే మంచిది.

మీ మరదలు

మార్చి 16

మరదలు పిల్లా,

ఆశీస్సులు. అన్నయ్యగారికి మోకాలు నొప్పి, పెద్దదానికి పరీక్షలు, చిన్నవాడికి ఆటలు, నాకు వీళ్ళ ముగ్గురూ. మిగతా అంతా కులాసా.

నీ చొక్కాల గోల చదివి నవ్వుకున్నాను. వేలెడు కిందకి జేబు ఉంటే పెన్ను పడిపోకుండా ఉంటుందని అమ్మేయొచ్చు కదే, మీకు వ్యాపారం తెలీదు.

ఇక నువ్వడిగింది. అచ్చుతప్పు కాదు, ఆ లైను తీయించింది సాక్షాత్తూ మీ వదినే. బీమావాళ్ళు ఈ ఏడు రేటు పెంచారు. అన్నీ ఉంచడం కుదరదు, కళ్ళజోళ్ళో సంతాన చికిత్సో ఏదో ఒకటి తీసెయ్యమని పెద్దసారు అన్నారు. నా అంతట నేను తేల్చకుండా జనవరిలో ఎవరికేం కావాలో టిక్కు పెట్టమని అందరికీ ఫారాలు పంపాను, గుర్తుందా? మీ బ్రాంచి నుంచి రెండు వందల పదకొండు ఫారాలు వచ్చాయి. సంతాన చికిత్స గడిలో ఎన్ని టిక్కులో తెలుసా? సున్నా. రెండుసార్లు లెక్కపెట్టాను. మిగతా బ్రాంచీలన్నీ కలిపి నాలుగు. ఎవరికీ అక్కర్లేనిది నెత్తిన పెట్టుకుని ఊరేగడం ఎందుకని కళ్ళజోళ్ళు ఉంచాను. మీ మిషన్ల దగ్గర సగం మంది సూదిలో దారం ఎక్కించలేక కళ్ళు చికిలిస్తుంటారని నువ్వే కదా చెప్పావు. పెద్దసారు అందరి ముందూ "ఇదీ పని చేసే పద్ధతి" అని మెచ్చుకున్నారు కూడా.

ఆ బటన్లావిడతో చెప్పు, ఫారం వచ్చినప్పుడు ఏం చేస్తోందట, నిద్రపోతోందా? అడక్కుండా ఎవరు పెడతారు? మీ మొగుడూపెళ్ళాలకి ఆ బాదరబందీ లేదు, హాయిగా ఉన్నారు. మొన్న కూడా మా తమ్ముడు ఫోన్లో "మా ఆవిడే నాకో పెద్ద పిల్ల, ఇంకో పిల్లెందుకే అక్కా" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

మీ వదిన

మార్చి 23

వదినా,

ఉత్తరం అందింది. ఆవిడకి చెప్పాను. విరామం అయిపోయేదాకా బటన్లు రంగుల వారీగా వేరు చేస్తూ కూర్చుంది.

జేబుల పని పూర్తయింది. అన్నయ్యగారి మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టండి. పెద్దదాన్ని బాగా చదవమన్నానని చెప్పండి.

మీ మరదలు

ఏప్రిల్ 6

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. ఇటు తిప్పి అటు తిప్పి చూశాను, వెనకవైపు ఏమైనా రాశావేమోనని. నా మాటలకి ఆ బటన్లావిడ బాధపడిందా? "నిద్రపోతోందా" అని రాయకుండా ఉండాల్సింది. ఆ కాగితం సంచిలో వేశాక మనసు పీకుతూనే ఉంది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, లేనివాళ్ళ మీద నోరు పారేసుకోవడమేమిటి?

అందుకని ఊరుకోలేదు. అవసరమున్నవాళ్ళు ఎందరున్నారో తెలిస్తే బీమావాళ్ళ దగ్గర మళ్ళీ అడిగి చూడొచ్చు. ఉత్త చేతులతో పోతే వాళ్ళు వినరు. మీ సూపర్‌వైజరుకి నిన్ననే ఒక చీటీ పంపాను, మీ సెక్షన్‌లో ఈ చికిత్స కావలసినవాళ్ళు ఎవరో కనుక్కుని వారంలోగా రాయమని. గడియారం కదా, టైముకి పని చేస్తాడు. నీకు చెప్పి చేద్దామనుకున్నాను కానీ, మధ్యలో నిన్నెందుకు ఇరికించడం, నీ పేరు రాకుండా ఉంటేనే మంచిదనిపించింది.

ఇక ఆవిడ ముఖం చూడగలిగితే నా తరపున ఒక మంచి మాట చెప్పు.

వదిన

ఏప్రిల్ 20

వదినా,

మీ చీటీ బాగా పని చేసింది. వినండి.

సోమవారం సాయంత్రం మిషన్లు ఆపేశాక గడియారం స్టూలెక్కి నించున్నాడు. చేతిలో మీ చీటీ. "పిల్లలు పుట్టనివాళ్ళు ఎవరెవరో చేతులెత్తండి. హెడ్డాఫీసు మేడం లెక్క అడుగుతోంది" అన్నాడు. మా సెక్షన్‌లో నలభై మందిమి, మాలో పద్దెనిమిది మంది మగవాళ్ళు. ఒక్క చెయ్యి లేవలేదు. ఎవడో వెనకనుంచి నవ్వాడు. ఇంకెవరో "చెకింగ్ బల్ల దగ్గర చూడండి సార్, పెళ్ళై పదకొండేళ్ళయింది" అన్నారు. అందరూ తిరిగి నన్ను చూశారు. నా చేతిలో చొక్కా ఉంది. కాలరు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టు దాన్నే తిప్పి తిప్పి చూస్తూ నించున్నాను.

పద్నాలుగో పేజీ నాకోసమే అడిగాను. బటన్లావిడ పేరు పెట్టి అబద్ధమాడాను. డాక్టరు ఈ ఏడు దాటనివ్వద్దన్నది నన్నే. నాకు పిల్ల కావాలి వదినా. పదకొండేళ్ళుగా కావాలి. మీ తమ్ముడు ఫోన్లో జోకులేసేది నన్ను ఎవరూ ఏమీ అడక్కూడదని. ఫోను పెట్టేశాక ఆయన ముఖం మీరు చూడలేదు.

మరి ఫారంలో టిక్కు ఎందుకు పెట్టలేదంటారు. మీరే కదా ఆ ఫారం గీసింది. పేరు అక్కర్లేదని పైన రాశారు. కింద మూలన సెక్షనూ వయసూ రాయమన్నారు. చెకింగ్ బల్ల దగ్గర ముప్పై ఏడేళ్ళదాన్ని నేనొక్కదాన్నే. ఆ కాగితం మీ టేబుల్ మీదకి వస్తుంది. మీకు తెలియడమే నాకిష్టం లేదు. బీమావాళ్ళకి తెలిస్తే ఫరవాలేదు, ఆసుపత్రి బిల్లులు నేరుగా వాళ్ళకే పోతాయి. మీకు మాత్రం వద్దనుకున్నాను.

ఎందుకో కూడా చెప్తాను. మూడేళ్ళ కిందట మీ ఇంట్లో, ఆరిన బట్టలు మనిద్దరం మడతపెడుతున్నాం. మీ కింది వాటాలో ఉండే ఆవిడ ఐవీఎఫ్ చేయించుకుంటోందని చెప్పి, "రానిదాన్ని సూదులతో గుచ్చి రప్పించుకుంటారటమ్మా, ఇదేం సరదా" అన్నారు. నేను దుప్పటి రెండో కొస పట్టుకుని ఉన్నాను. నవ్వాను కూడా. ఆ రోజే నిశ్చయించుకున్నాను, మీకు ఎప్పటికీ చెప్పకూడదని.

ఇంక నాకు మంచి చెయ్యకండి.

మరదలు

ఏప్రిల్ 27

అమ్మా,

ఏ పేరు పెట్టి మొదలుపెట్టాలో తెలియక ఇలా రాశాను. నాలుగు కాగితాలు చింపేశాను.

ఆ మాట నేను అన్నట్టు నాకు గుర్తే లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. బట్టలు మడతపెట్టడం గుర్తుంది, నువ్వు ఆ రోజు తొందరగా వెళ్ళిపోవడం గుర్తుంది, ఆ మాట లేదు. అనలేదని బొంకడానికి కాదు ఇది చెప్పడం. నువ్వు మూడేళ్ళు మోసిన మాట నాకు మూడు నిమిషాలు కూడా గుర్తులేకపోవడం, ఆ మాట అన్నందుకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. నా నోటికి అదుపు లేదని మా అమ్మ చిన్నప్పుడే అనేది. అందరూ నవ్వుతుంటే అదే గొప్ప అనుకున్నాను.

ఆ స్టూలు సంగతి చదివి తల కొట్టేసినట్టయింది. మనిషిని చూడకుండా చీటీ రాశాను. అతను ఎలా అడుగుతాడో ఒక్క క్షణం ఆలోచించలేదు. అతనికి నేనే ఫోన్ చేశాను. "మీరు కనుక్కోమన్నారు, కనుక్కున్నాను" అన్నాడు. ఏమనను? నిజమే కదా.

వయసు గడి గీసింది కూడా నేనే. ఏ వయసువాళ్ళకి ఏం కావాలో పట్టిక వేస్తే పెద్దసారుకి నచ్చుతుందని. పట్టిక చాలా అందంగా వచ్చింది. సున్నా దగ్గర పసుపు రంగు కూడా వేశాను.

మీ ఇద్దర్నీ చూడాలని ఉంది. రమ్మంటే ఈ శనివారమే వస్తాను. వద్దంటే రాను. తమ్ముడితో మాట్లాడటానికి ముఖం చెల్లడం లేదు. ఒక్కటి మాత్రం నువ్వు వద్దన్నా చేస్తాను, ఆ లైను మళ్ళీ పెట్టిస్తాను.

నీ వదిన

మే 18

వదినా,

మూడు సంచులు ఖాళీగా పంపాను. కోపం ఒక కారణం. ఇంకో కారణం ఉంది, అది చెప్పకపోతే మీ ఒక్కరి మీదే తోసేసినట్టవుతుంది.

బటన్లావిడ అబద్ధం కాదు. ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు. ఇస్త్రీ దగ్గర ఇంకో అమ్మాయి, ముప్పై ఒకటి. వాళ్ళకీ ఈ అవసరమే. జనవరిలో ఫారాలు వచ్చినప్పుడు మేం ముగ్గురం టీ గదిలో కూర్చున్నాం. వాళ్ళిద్దరూ పెన్నులు పట్టుకుని టిక్కు పెట్టబోతున్నారు. ఆపింది నేను. "పెట్టకండి, వయసును బట్టి ఎవరో తెలిసిపోతుంది, ఆ ఫారాలు చూసేది మా ఆడపడుచే, నాకు తెలుసు ఆవిడ సంగతి. రెండు వందల మందిలో ఎవరో ఒకరు పెడతారులే, మనకెందుకు" అన్నాను. వాళ్ళు నా మాట విన్నారు. నేను మీ మనిషిని కదా, నాకు లోపలి విషయాలు తెలుస్తాయని వాళ్ళ నమ్మకం.

మీరు చూసిన సున్నాలో మూడు టిక్కులు నేను మింగినవే. ఏడు టిక్కులు చూస్తే మీ పెద్దసారు ఆగేవారేమో, ఆగకపోయేవారేమో. ఇప్పుడు రోజూ ఆ ఇద్దరి పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. వాళ్ళు నన్నేమీ అనరు. అంటే బాగుండును.

శనివారం రావద్దు. మీ తమ్ముడికి స్టూలు సంగతి చెప్పలేదు. చెప్తే ఫ్యాక్టరీకి వచ్చి గడియారాన్ని ఆపేస్తారు.

మరదలు

జూలై 6

మరదలా,

లైను మళ్ళీ వచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి.

ఈ రెండు నెలలూ పెద్దసారు గది ముందు బెంచీ అరిగిపోయేలా కూర్చున్నాను. పట్టిక తప్పని ఆయన ముందే చెప్పాను, ఫారం తయారు చేయడమే తప్పుగా చేశానన్నాను. ఈసారి మెచ్చుకోలేదులే. నీ పేరు గానీ, ఆ ఇద్దరి పేర్లు గానీ ఎక్కడా రానివ్వలేదు. ఇకమీదట ఇలాంటి ఫారాలు బీమావాళ్ళకే అంటించిన కవర్లో పోయేలా రాయించాను.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చేదాన్ని. రెండో పేరా రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

పాత పాలసీలో వయసు మాటే లేదు. ఒకసారి తీసేసి మళ్ళీ చేర్చుకుంటున్నారు కాబట్టి బీమావాళ్ళు కొత్త షరతు పెట్టారు. చికిత్స మొదలయ్యే నాటికి ముప్పై ఎనిమిది నిండకూడదట. నీకు ఈ నెల పంతొమ్మిదికి నిండుతాయి. లైను అమలయ్యేది దానికి పదమూడు రోజుల తర్వాత. కాళ్ళావేళ్ళా పడ్డాను. నలభై చెయ్యమన్నాను, కనీసం నెల ముందునుంచి అమలు చెయ్యమన్నాను. కుదరదన్నారు. నేను ఆ లైను ముట్టుకోకపోయి ఉంటే నీకు ఏ షరతూ ఉండేది కాదు.

ఇది చదివి కాగితం చింపెయ్. సిబ్బంది రికార్డులు నా బీరువాలోనే ఉన్నాయి. నీ పుట్టిన తేదీలో ఒక్క అంకె మారిస్తే చాలు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క కాగితం దిద్దలేదు. నువ్వు ఊ అంటే దిద్దుతాను. పట్టుబడితే నా ఉద్యోగం పోతుంది, పోనీ.

వదిన

జూలై 13

వదినా,

దిద్దకండి.

కాసేపు ఆశపడ్డాను, అది ఒప్పుకుంటాను. కాగితం చింపకుండా రెండు రోజులు నా చేతిసంచిలోనే మోసుకు తిరిగాను. కానీ ఆసుపత్రిలో అసలు కాగితాలు అడుగుతారు, అక్కడ నా వయసు ఒకటి, మీ బీరువాలో ఇంకొకటి. మీరూ నేనూ ఇద్దరం పట్టుబడతాం. మనకి దాచిపెట్టడం చేతకాదని ఈ ఏడాది బాగానే తెలిసింది కదా.

ఆ ఇద్దరికీ చెప్పాను. ఇస్త్రీ అమ్మాయి నమ్మక మళ్ళీ మళ్ళీ అడిగింది. బటన్లావిడ ఏడ్చింది. నేను ఆపానన్న సంగతి మీకు రాశానని కూడా చెప్పాను. "అయితే ఏమైంది, ఇప్పుడొచ్చిందిగా" అంది. ఆ మాటతో నాకు కొంచెం ఊపిరాడింది.

మేం సొంతంగా ఒక్కసారి చేయించుకుంటున్నాం. ఒక్కసారికే మా వల్ల అవుతుంది, రెండోసారి అనే మాట లేదు. వచ్చే వారం నుంచి సూదులు. మీ తమ్ముడు చెయ్యి వణక్కుండా సూది వెయ్యడం నేర్చుకుంటున్నారు, దిండు మీద సాధన చేస్తున్నారు. దిండు చచ్చింది.

మీరు డబ్బు పంపుతానంటారు. వద్దు. వస్తానంటారు. వద్దు. మీరు ఎదురుగా ఉంటే మీ ముఖంలో ఆ తప్పంతా కనిపిస్తుంది, నేను మిమ్మల్ని ఊరడించాలి. ఇప్పుడు నాకు అంత ఓపిక లేదు.

మరదలు

ఆగస్టు 31

మరదలా,

నువ్వు వద్దన్నావని రాలేదు, ఫోనూ చెయ్యలేదు. సంచి వచ్చిన ప్రతిసారీ పంపకాల గుమాస్తా నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. అతనికి ఏమీ తెలీదు, అయినా జాలిగా చూస్తాడు.

ఇవాళ పెద్దది అడిగింది, అత్త ఎందుకు రావడం లేదని. "నేను అత్తకి అన్యాయం చేశాను" అని చెప్పాను. ఏమిటని అడిగితే మొత్తం చెప్పలేదు, ఆలోచించకుండా మాట్లాడాను అన్నాను. "నువ్వెప్పుడూ అంతేగా అమ్మా" అంది. దానికి పదహారేళ్ళు.

జవాబు రాయక్కర్లేదు.

వదిన

సెప్టెంబర్ 14

వదినా,

కాలేదు.

గురువారం పరీక్షకి రక్తం ఇచ్చాను, శుక్రవారం చెప్పారు. ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి పిల్లల ఫొటోలు. ఆ ఫొటోలు అక్కడ పెట్టకపోతే ఏం? డాక్టరు చాలా మెల్లగా చెప్పింది, ఇంక నా అండాలతో ప్రయత్నించడం దండగ అంది. మీ తమ్ముడు డాక్టరుకి థాంక్స్ చెప్పారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు.

మీరు ఆ లైను తీయకపోయి ఉంటే ఏప్రిల్‌లోనే మొదలయ్యేది, మూడుసార్లు చేయించుకునే వీలుండేది. అప్పుడైనా అయ్యేదో లేదో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి ఆ ఆలోచన పోదు. మీకూ పోదని నాకు తెలుసు. క్షమించానని రాస్తే మీకు తేలికవుతుంది. అది రాద్దామనే కూర్చున్నాను. రాదు వదినా. చెయ్యి కదలడం లేదు. నేను టీ గదిలో అన్న మాటకి నన్ను నేను క్షమించుకోవడం కూడా చేతకావడం లేదు.

మూడు రోజులుగా ఇంట్లో అందరూ వచ్చి పోతున్నారు. మా అమ్మకి కడుపులో నొప్పి అని చెప్పాం. పక్కింటావిడకి జ్వరమని చెప్పాం. వచ్చినవాళ్ళందరి ముందూ కూర్చుని జ్వరం ఉన్నట్టు నటిస్తున్నాను. మీ తమ్ముడి ముందు ఏడవలేను, నేను ఏడిస్తే ఆయన జోకులు మొదలుపెడతారు, ఆ జోకులు వినలేను.

జరిగిందంతా తెలిసిన ఆడమనిషి నాకు మీరొక్కరే. మీ దగ్గర నేను జ్వరం నటించక్కర్లేదు. మీరు కూడా నా దగ్గర మంచిదానిలా నటించక్కర్లేదు. క్షమాపణలు తేవద్దు, సలహాలు తేవద్దు, జోకులు అసలే వద్దు. ఊరికే నా పక్కన కూర్చోవాలి, నేను ఏడుస్తాను.

శనివారం రండి. వీలైతే శుక్రవారమే రండి.

మీ మరదలు